తమ్ముడి చేను మట్టి

నర్సీపట్నం
ఫిబ్రవరి 18, 2025

ఒలే బుల్లీ, నా బంగారు గుంటా,

ఉత్తరం సూసి కంగారు పడకు. మిగిలిన ఇద్దరం బాగానే ఉన్నాం. నువ్వు గుంటూరు నుంచి ఫోను సేసినప్పుడల్లా నాను మీ నాన్న చేతికి ఇచ్చేస్తన్నాను. కోపం అనుకోకు తల్లీ. నువ్వు "అమ్మా" అని సాగదీస్తావే, ఆ సాగదీత తమ్ముడిది కూడా. చిన్నప్పుడు గోడవతల నుంచి పిలిస్తే మీ ఇద్దరిలో ఎవులో నాకే తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసిపోతాది. అందుకని కాయితం పట్టుకున్నాను. మిషను బడిలో అయిదో తరగతి సదువు నాది, తప్పులుంటే నవ్వుకో.

తమ్ముడేసిన చెరుకు జనవరిలో కూలోళ్ళు నరికేరు. వాడు ఉంటే మొదటి గెడ చర్చికి పట్టుకెళ్ళి ప్రభువు బల్ల దగ్గర పెట్టేవోడు. ఈసారి ఎవులూ పెట్టలేదు. అయ్యగారు కూడా అడగలేదు.

సంగతేటంటే, మీ నాన్న ఆ చేనుకాసి చూడ్డం మానేసేడు. సంతకెళ్ళాలన్నా చుట్టు తిరిగి పక్క చేను బాలన్న గట్టు మీంచి పోతన్నాడు. "అందరూ చెరుకాకు కాల్చేస్తారు, మనోడొక్కడే కాల్చకుండా చేనంతా పరిచేడు, ఆ చెత్తలోనే కదే వాణ్ణి కాటేసిన రక్తపింజర దాగింది" అని ఎవరొచ్చినా అదే మాట. నాను ఏటంటాను. పాముకి చెత్త కావాలా, గట్టు బొరియ చాలదా అని మనసులో అనుకుంటాను, బయటికి అనలేను.

మొన్న ఇటుకబట్టీ గణేశ్వరరావు గారు వచ్చేరు. మన చేను పైమట్టి నడుం లోతు తీసుకెళ్ళిపోతారంట. "భూమి నీదే తోమా, పైపొర ఒకటే కదా నాకు" అన్నారు. మీ నాన్న బేరం కూడా ఆడలేదు. "అట్టుకుపొండి. నా కొడుకుని మింగిన మట్టి నాకు కనపడకూడదు" అన్నాడు. ఈస్టరు అయ్యేక మట్టి తవ్వే మిషను పెడతారంట.

బుల్లీ, మూడేళ్ళు వాడు ఆ మట్టికి సాకిరీ సేసేడు. బాలన్న చేలో యూరియా బస్తాలు పోస్తంటే, మనోడు ఆవు పేడ, పంచితం, బెల్లం, సెనగపిండి డ్రమ్ములో కలిపి మురగబెట్టి పోసేవోడు. ఆ కంపుకి పక్కింటి సింహాద్రమ్మ ముక్కు మూసుకుని మన ఇంటి ముందు పరిగెట్టేది. మీ నాన్న ఏటనేవోడో గురుతుందా? "మనకి టీలో వెయ్యడానికి బెల్లం లేదు, నేలకి పాయసం పోస్తన్నావేట్రా" అనేవోడు. దిగుబడి తగ్గింది, అందరూ నవ్వేరు. వాడు మాత్రం "ఆగండి నాన్నా, మీ చిన్నప్పట్లాగ దుక్కి ఎనకాల కొంగలొస్తాయి సూడండి" అనేవోడు. అప్పట్నుంచీ మీ నాన్న రోజూ అన్నం దగ్గర, "ఏరా, కొంగలొచ్చేయా?" అని ఎక్కిరించడం. రాలేదు. వాడున్నన్నాళ్ళూ ఒక్క కొంగా రాలేదు.

నాను మీ నాన్నతో అన్నాను, గుంట మట్టి పరీక్షలు సేసే ల్యాబులోనే కదా ఉంది, దాన్ని అడుగుదాం అని. ఆయన, "మట్టి బాగుపడిందని కాయితం వస్తే మిషను ఆపుతాను. లేదంటే మళ్ళీ ఈ మాట ఎత్తకు" అన్నాడు. మాటిచ్చేడంటే తప్పడు, నీకు తెలుసు.

వాడు సేసింది వృథాగా పోలేదని ఒక్క కాయితం కావాలి నాకు. ఏటి పంపాలో, ఎలా పంపాలో బేగి రాయి.

నీ అమ్మ
కరుణకుమారి


గుంటూరు
ఫిబ్రవరి 25, 2025

అమ్మా,

నీ ఉత్తరం ల్యాబులో విప్పాను, అక్కడ చదవలేక మెట్ల మీదకి వెళ్ళి చదివాను.

నాన్నకి ఇలా చెప్పు. యూరియా విషం కాదు, ఆ బస్తాలతోనే మనం తిన్నాం, నేను చదువుకున్నాను. కానీ ఇన్నేళ్ళూ పశువుల గెత్తం తగ్గించేసి, ఆకు కాల్చేసి, ఒట్టి యూరియా ఒకటే పోస్తే నేల లోపల పులిసిపోతుంది. మట్టిలో కంటికి కనపడని జీవాలు ఉంటాయమ్మా, చిటికెడు మట్టిలో మన ఊరి జనంకన్నా ఎక్కువ. అవి కుళ్ళిన ఆకునీ వేళ్ళనీ గెత్తాన్నీ తిని, మొక్కకి కావలసినట్టు విడగొట్టి పెడతాయి. మట్టిని జిగురుగా పట్టి ఉంచేవీ అవే. వాటికి తిండి లేకపోతే చచ్చిపోతాయి. వాటి మీద బతికే వానపాములూ పోతాయి. వానపాములు లేని చోట కొంగకి ఏం పని? తమ్ముడు అన్న కొంగల మాట వెనక ఉన్నది ఇదే. యూరియాకి గెత్తం కూడా తోడుంటే ఇంత చెడదు. చెడిన నేల మళ్ళీ కోలుకోవడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది.

రెండు చేల మట్టి పంపు. ఒకటి మన చేనుది, రెండోది గట్టవతల బాలన్న మామయ్య చేనుది, పోల్చి చూడ్డానికి. పైన ఆకు పక్కకి తీసి, జానెడు లోతులో, చేనులో నాలుగైదు చోట్ల తీసి కలుపు. వేళ్ళూ రాళ్ళూ ఏరేసి శుభ్రమైన కవర్లలో కట్టి బస్సు పార్సిల్లో వెయ్యి. తేమ బయటికి కారకుండా చూడు. ఏది ఏదో పేరు రాయి.

ఒక మాట అడుగుతాను. చెరుకాకు కాల్చొద్దురా, పరిచెయ్యి అని తమ్ముడికి చెప్పింది నేను. నాన్న ఇంటికొచ్చిన అందరితో ఆ చెత్త మాటే అంటున్నాడని రాశావు. నా పేరు రాయలేదు. నన్ను బాధపెట్టకూడదని రాయలేదా, లేక నా పేరు రాయడానికి నీకు చెయ్యి రాలేదా? నా గొంతు వినలేకపోవడానికి కారణం నువ్వు చెప్పిందేనా? ఉన్నదున్నట్టు రాయి.

సుజిత


నర్సీపట్నం
మార్చి 6, 2025

నా బుల్లితల్లీ,

మట్టి బస్సెక్కించేసేను. కాంప్లెక్సులో పార్సిలు కుర్రాడు "ఏటమ్మా, బరువుగా ఉంది, సున్నుండలా?" అన్నాడు. మట్టి అని సెప్తే నవ్వుతాడని, ఊ అన్నాను. దాంతో చల్ల మిరపకాయలు కూడా పెట్టేను, రెండూ కలిసిపోకుండా వేరే కట్టేను.

చేలోకి నాను ఒక్కదాన్నే ఎల్లేను. ఆ రోజు నుంచి మళ్ళీ అడుగెట్టడం ఇదే. కర్రతో చెత్తంతా కొట్టుకుంటా ఎల్లేను. నువ్వు సెప్పినట్టు జానెడు లోతు తవ్వితే కింద సల్లగా ఉన్నాది, వేసవి ఎండ కొడతన్నా సల్లగా. వాసన కూడా వేరేగా ఉన్నాది, మొదటి వాన పడినప్పుడు వస్తాదే అలాగ. పిడికెడు పట్టుకుని కాసేపు కూర్చుండిపోయాను. వాడి చొక్కా పట్టుకున్నట్టే ఉన్నాది.

మన మట్టి మన ఇంటి పరువు కదా, ఎంత శ్రద్ధగా తయారుసేసేనో నీకు తెలీదు. ఒక పూటంతా అదే పని. మీ ఆఫీసులో పెద్ద పెద్దోళ్ళు విప్పి సూస్తారు, కరుణకుమారి ఇంట్లోంచి వచ్చిందంటే ఎలాగుండాలి? ఒక్క పురుగు లేదు, ఒక్క వేరు లేదు, చేత్తో పట్టుకుంటే పిండిలాగుంటాది. మీ నాన్న పాత హార్లిక్స్ సీసాలో పోసి మూత బిగించేను. బాలన్న మట్టి మాత్రం ఉన్నదున్నట్టు ముద్దగా కవర్లో కట్టేసేను, ఏటనుకోకు. పరాయోళ్ళ మట్టికి నాను అంత సేపు చెయ్యి కాల్చుకోలేను.

బాలన్న అడిగేడు, "ఏటి వదినా, మా మట్టి దొంగతనం సేస్తన్నావు?" అని. "మీ మట్టిలో యూరియా ఎక్కువైంది, కూరలోకి ఉప్పు లేక పట్టుకెల్తన్నాను" అన్నాను. నవ్వేడు. ఇన్నాళ్ళకి నా నోట్లోంచి అలాంటి మాట ఒకటొచ్చింది, నాకే ఆశ్చర్యం వేసింది.

లెంటు ఉపవాసాలు మొదలయ్యేయి, నాను ఒక్క పూటే తింటన్నాను. స్త్రీల కూడికలో నీ కోసం ప్రార్థన సేయించేను, మంచి కాయితం రావాలని. మీ నాన్నకి సెప్పకు.

ఇంకా రాద్దామంటే పోస్టు డబ్బా తీసే వేళైంది.

నీ అమ్మ


గుంటూరు
మార్చి 24, 2025

అమ్మా,

ఎలా రాయాలో తెలియక నాలుగుసార్లు చింపేశాను. మంచి మాట చెప్పాలనే కూర్చున్నాను. లేని మాట రాసి నాన్న ముందు పెట్టలేను.

పరీక్ష ఇలా ఉంటుంది. మట్టిని సీసాలో పెట్టి మూత బిగిస్తాం. లోపల ఉన్న జీవాలు మనలాగే ఊపిరి వదులుతాయి. ఆ ఊపిరిని పట్టుకునే మందునీళ్ళు పక్కన పెట్టి, ఎంత వదిలాయో కొలుస్తాం. ఇంకో పక్క మట్టిని నీళ్ళలో కలిపి గాజు పళ్ళేల మీద పూస్తే, బతికున్నవి చుక్కలు చుక్కలుగా మొలుస్తాయి.

బాలన్న మామయ్య మట్టిలో ఊపిరి ఉంది. ఎక్కువ లేదు, ఒట్టి యూరియా నేలకి ఉండేటంతే. తమ్ముడి మట్టిలో ఊపిరి లేదమ్మా. మళ్ళీ చేశాను, లేదు. పళ్ళేల మీద కూడా ఎక్కడో ఒకటీ అరా తప్ప ఏమీ మొలవలేదు.

మూడేళ్ళు వాడు చేసిన చాకిరీకి ఇలా ఎందుకొచ్చిందో నాకు అర్థం కావడం లేదు. ఏదో తప్పు సలహా ఇచ్చి ఉంటాను. నా మాట విని ఆకు పరిచాడు, అందులో పాముంది. మట్టి బాగుపడుతుందని చెప్పాను, అదీ జరగలేదు. నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. మిరపకాయల గురించి రాశావు, పార్సిలు కుర్రాడి గురించి రాశావు, దాని గురించి రాయలేదు. నాకు తెలిసిపోయింది.

కాయితం ఇందులో పెట్టాను. నాన్నకి చూపించడం, చూపించకపోవడం నీ ఇష్టం.

సుజిత


నర్సీపట్నం
ఏప్రిల్ 11, 2025

సుజితకి,

కాయితం మీ నాన్నకి సదివి వినిపించేను. దాచుదామనుకున్నాను, మాటిచ్చి మాట పుచ్చుకున్నాను కదా, దాచలేకపోయాను. అంతా విని సెంబుడు నీళ్ళు తాగి, తువ్వాలు భుజానేసుకుని గణేశ్వరరావు గారింటికి ఎల్లిపోయాడు. ఈస్టరు అయిన బుధవారం మిషను వస్తాదంట.

ఊపిరి లేదు అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే? ఆసుపత్రి అరుగు మీద ఆ డాక్టరు గారు అన్న మాట అదే. అదే మాట. నువ్వు పక్కనే ఉన్నావు, నా చెయ్యి పట్టుకుని ఉన్నావు. ఇంకో మాట దొరకలేదేటి మీ సదువుల్లో? బాలన్న మట్టికి ఊపిరి ఉందంట, నా కొడుకు మట్టికి లేదంట.

నాను ఏ పాపం సేసేనో. వాడి మట్టి అని, సల్లటి ముద్దని విరిపి, అందులో కదిలే ఎర్రల్ని ఒక్కోటీ వేలితో తీసి పక్కన పెట్టి, డాబా మీద ఎండేసి, కాకులు రాకుండా కాపలా కాసి, బస్సులో పురుగు పడతాదని, బూజు పడతాదని, రవ్వ ఏపినట్టు పెద్ద మూకుడులో గలగల్లాడేదాకా ఏపి, సల్లార్చి, జల్లెడ పట్టి పంపేను. చెయ్యి బొబ్బెక్కింది. మా అన్న పెళ్ళికి మిఠాయి సేసినప్పుడు కూడా అంత ఓపిక పట్టలేదు. ఇంత సేసినా అది చచ్చిన మట్టేనంట.

ఇంక ఆ చేను గురించి రాయకు. మిషను వచ్చినప్పుడు నువ్వు రావొద్దు, నువ్వు సూడొద్దు. నానూ సూడను, తలుపేసుకుని కూర్చుంటాను.

నువ్వు అడిగిన మాటకి జవాబు ఇప్పుడు రాయలేను. మనసు బాగోలేదు.

అమ్మ


గుంటూరు
ఏప్రిల్ 17, 2025

అమ్మా, అమ్మా,

మట్టిని వేయించావా?

అమ్మా, వేయించావా! నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ల్యాబంతా పరిగెత్తాను. నాకేం పిచ్చిపట్టిందో అని అందరూ చూస్తున్నారు.

చెప్తాను విను. మేము వెతికేదే పురుగునమ్మా. కంటికి కనపడని పురుగు. నువ్వు పురుగు పట్టకూడదని మూకుడులో వేయించేశావు. ఏ మట్టికైనా ఊపిరి పోతుంది అలా చేస్తే. బాలన్న మామయ్య మట్టి పచ్చిగా కట్టావు కాబట్టి అందులో ఊపిరి మిగిలింది. తమ్ముడి మట్టి దానంతట అది చచ్చిపోలేదు, దాన్ని మనిద్దరం చంపాం. తప్పు నీది కాదు, శుభ్రంగా పంపమని రాసింది నేను. పచ్చిగా, తడిగా, బేగి పంపమని రాయాల్సింది. ఇక్కడ రోజూ చేసే పని కాబట్టి అది అందరికీ తెలుసనుకున్నాను.

నాకు ముందే అనుమానం రావాలి. రెండు విషయాలు పొసగలేదు. ఒకటి, తమ్ముడి మట్టిలో కర్బనం, అంటే ఆ జీవాలు తినే తిండి, బాలన్న మామయ్య మట్టిలోకన్నా బాగా ఎక్కువుంది. ఇంటినిండా బియ్యం ఉండి ఇంట్లో ఒక్క మనిషీ లేనట్టు. రెండు, పళ్ళెం మీద మొలిచిన ఆ ఒకటీ అరా కూడా వేడికి చావని గట్టి పెంకు రకం. మామూలు మట్టిలో అవి ఒక్కటే ఉండవు. ఏడుస్తూ చేసిన పరీక్ష కదా, చూసినా చూడలేదు.

ఇంకోటి, నువ్వే రాశావు. కదిలే ఎర్రల్ని ఒక్కోటీ తీసి పక్కన పెట్టానని. అమ్మా, ఎర్రలంటే వానపాములే కదా, ఉన్నాయా అందులో? అవి ఉంటే పరీక్ష ఎందుకమ్మా!

మిషను ఆపించు. నాన్నకి ఫోను చేశాను. వేయించిన సంగతి చెప్పేలోపే, "బుధవారానికి మిషను మాట్లాడేశాను, ఆ మట్టి ఊసెత్తకు. నువ్వు దాని కోసం రైలెక్కేవో, ఆ పూటే మిషను పెట్టిస్తాను" అని పెట్టేశాడు. తరవాత ఎత్తడం లేదు, ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోనూ నాన్న దగ్గరే. సింహాద్రమ్మ అత్తకి చేస్తే పాయకరావుపేటలో కూతురి దగ్గరుందట, వచ్చేవారం గాని రాదట. బాలన్న మామయ్య నంబరు నా దగ్గర లేదు. అందుకే స్పీడు పోస్టులో వేస్తున్నాను. రేపు గుడ్ ఫ్రైడే, ఆ పైన ఆదివారం. ఎప్పుడు అందుతుందో తెలీదు. ఆ పైపొర ఒకసారి పోతే మన జన్మలో తిరిగి రాదు. ప్రాణమంతా ఆ జానెడులోనే ఉంటుంది.

తమ్ముడు గెలిచాడని నేను చెప్పలేను, పచ్చి మట్టి చూడకుండా చెప్పను. ఓడిపోయాడని మాత్రం నేను రాసింది తప్పు.

ఊపిరి అన్న మాట రాసినందుకు నన్ను క్షమించు. రాసేటప్పుడు నాకు ఆ అరుగు గుర్తు రాలేదు. ఇప్పుడు అదే కనపడుతోంది.

నీ బుల్లి


నర్సీపట్నం
ఏప్రిల్ 24, 2025

బుల్లీ, నా తల్లీ, నా బంగారు గుంటా,

కూర్చుని నిదానంగా సదువు. అంతా వరసగా సెప్తాను, ముందే ఏడవకు.

నీ ఉత్తరం బుధవారం మధ్యాహ్నం వచ్చింది. మిషను బుధవారం పొద్దున్నే వచ్చింది.

మంగళవారం సాయంత్రం ఇక్కడ వాన పడింది. గాలితో మొదలై బాగానే కురిసింది. మిషను రాదేమో అనుకున్నాను. తెల్లారేసరికి రోడ్డు మీద ఆ పసుపుపచ్చ మిషను, దాని ఎనకాల ట్రాక్టర్లు. మీ నాన్న టీ కూడా తాగకుండా ఎల్లిపోయాడు. నాను సెప్పినట్టే తలుపేసుకుని కూర్చున్నాను. మిషను సప్పుడు వినపడతానే ఉన్నాది. చెవులు మూసుకుని కీర్తన పాడుకున్నాను, మధ్యలో చరణం మర్చిపోయాను.

కాసేపటికి సప్పుడు ఆగింది. పాడైందేమో అనుకున్నాను. ఎంతకీ మళ్ళీ మొదలవదు. ఇంక ఉండలేక తలుపు తీసుకుని ఎల్లేను.

రోడ్డు పక్క మూల కొంత తవ్వేసేరు బుల్లీ. ఆ ముక్క పోయింది. రెండు ట్రాక్టర్లు నిండి ఎల్లిపోయేయి. మిగతా చేను ఉన్నాది. మిషను చెయ్యి పైకెత్తుకుని నిలబడిపోయి ఉన్నాది. దాని ఎనకాల, ఆ తవ్విన గుంటలో, గట్టు మీద, మిషను నీడలో, కొంగలు. తెల్లగా. ఎక్కడ్నుంచి వచ్చేయో తెలీదు. గట్టవతల బాలన్న చేను వారం కిందటే దున్నేరు, అక్కడ ఒక్కటీ వాలలేదు. ఇక్కడ మాత్రం ఒకదాన్నొకటి తోసుకుంటా ముక్కులతో పొడుచుకుంటన్నాయి. పొడిసినప్పుడల్లా ఎర్రగా ఒకటి వేలాడతా పైకొస్తంది.

మీ నాన్న గట్టు మీద కూలబడి ఉన్నాడు. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మిషను తోలే ఆయన కిందకి దిగి, "ఏటి తోమా గారూ, మట్టి మాకమ్మేరా, కొంగలకమ్మేరా, సెప్పండి, ఎండెక్కిపోతంది" అంటన్నాడు. మీ నాన్న నన్ను సూసి, ఒక్క మాట అన్నాడు.

"వచ్చేయే," అన్నాడు. "ఆడు సెప్పినయ్యి వచ్చేయే."

ఆ తరవాత గణేశ్వరరావు గారొచ్చేరు. అరిచేరు, మాటంటే మాట అన్నారు. మీ నాన్న రెండు చేతులూ జోడించి, "తప్పు నాదే, ఆ మూల పట్టుకెళ్ళిపోండి, మిగతాది ఇవ్వలేను. నా కొడుకు పిలిచిన సుట్టాలు వచ్చేరు, వాళ్ళ కంచం నాను లాగలేను" అన్నాడు. ఆయన కాసేపు కొంగల్ని సూసి, మీ నాన్న మొహం సూసి, మిషను రోడ్డెక్కించేసేరు. మంచోడే పాపం. పోతా పోతా "నా బట్టీ మొదలెట్టిన కాడ్నుంచీ ఇన్ని కొంగల్ని ఒక్క చోట చూళ్ళేదు" అని బాలన్నతో అన్నారంట.

మేం ఇంటికొచ్చేసరికి పోస్టాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు నీ ఉత్తరంతో. నాను పైకి సదివేను. మట్టిని వేయించావా అన్న కాడికి వచ్చేసరికి సదవడం ఆపేసేను. మీ నాన్న నాకాసి సూసేడు. "మట్టిని ఏపేవేటే?" అన్నాడు. తల ఊపేను. "ఉల్లిపాయలు ఎయ్యలేదేటి?" అన్నాడు.

డిసెంబరులో వాడు పోయేక ఆ మనిషి నవ్వడం అదే మొదలు. నాకూ వచ్చేసింది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుతంటే పోస్టాయన భయపడి సైకిలెక్కి ఎల్లిపోయాడు. తరవాత ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో తెలీలేదు. మీ నాన్న గట్టిగా ఏడిసేడు, మొదటిసారి. సమాధి కాడ కూడా ఏడవలేదు కదా. నాను ఆపలేదు.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు. మార్చిలో పోస్టు డబ్బా తీసే వేళైపోతందని రాయలేదు. ఏప్రిల్లో కోపంతో రాయలేదు. నువ్వు అడిగిందాన్ని నువ్వు మనసులో ఇంత మోస్తన్నావని నాకు తట్టలేదు, తట్టుంటే ఏ పోస్టు వేళా ఏ కోపమూ సూసేదాన్ని కాను. విను. పాముని నువ్వు పంపలేదు. ఆకు కాల్చొద్దని నువ్వు సెప్పిన మాట మంచి మాట, ఆ మంచిని నిన్న కొంగలు తిన్నాయి. నీ గొంతు వినలేనన్నది వాడి గొంతు అందులో ఉందనే, ఇంకేటీ లేదు. మీ నాన్న కూడా "గుంట ఏడుస్తంటాది, రమ్మని రాయి" అన్నాడు. నాను అడగలేదు, ఆయనే అన్నాడు.

ఒకటి మాత్రం ఆయన పట్టుపట్టేడు. ఆకు పరుస్తాడంట, కానీ నడవడానికి దారి ఒకటి ఒదులుతాడంట, నేల కనపడేలాగ. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు నర్సీపట్నం బజారు నుంచి నిన్న సాయంత్రమే తెచ్చేడు. తనకొక జత, నాకొక జత. నావి పెద్దవైపోయేయి, నడుస్తంటే టపాటపా కొట్టుకుంటన్నాయి, సింహాద్రమ్మ ఊర్నుంచి వస్తే ఇంక నన్ను బతకనివ్వదు. కర్ర లేకుండా చేలో కాలు పెట్టకూడదని నాతో ప్రమాణం సేయించేడు. ఆ మూల గుంటలో గెత్తం, ఆకు పోసి నింపుతాడంట. వాడి డ్రమ్ము కడిగి ఎండలో బోర్లించేడు.

వాడు సూడలేదు బుల్లీ. అదొక్కటే లోపల గుచ్చుతంది. ఇంకొక్క వేసవి ఉంటే సూసేవోడు. కొంగ వాలినప్పుడల్లా వాడేమో అనుకుని తలెత్తుతాను, కాదు.

పచ్చి మట్టి నాను పంపను. ఈసారి ఏం సేసి చంపుతానో నాకే భయం. నువ్వే రా. నీ చేత్తో తవ్వుకుని, నీకు కావలసినట్టు కట్టుకో. నీ గాజు పళ్ళేలు ఏం సెప్తాయో సెప్పనీ, మంచైనా చెడైనా ఉన్నదున్నట్టు రాయి, ఇంక భయపడను. ఒట్టి యూరియాకి పోయిన నేల ఒక్కసారిగా రాదని నువ్వు రాసేవు కదా, మీ నాన్న ఆ ముక్క మళ్ళీ సదివించుకున్నాడు. "ఏళ్ళు పడితే పడనీ, నాకింకేటి పని" అన్నాడు.

నిన్న సాయంత్రం నాను ఫోను పట్టుకున్నాను, నీ నంబరు నొక్కి కట్ సేసేసేను. రేపు నొక్కుతాను, కట్ సెయ్యను. నువ్వు "అమ్మా" అను, ఏడిస్తే ఏడుస్తాను.

వచ్చే శనివారం రైలెక్కు. తుని స్టేషన్‌కి మీ నాన్న వస్తాడు. రైల్లో టీ నీళ్ళతో గడిపేయకు, చల్ల మిరపకాయలు మిగిలుంటే పెరుగన్నంలో పెట్టుకో. బయల్దేరే ముందు కడుపునిండా అన్నం తిను తల్లీ.

నీ అమ్మ